అరిగిన వేళ్ళకి వీసా

వీసా ఆఫీసులోని యంత్రం మా ఆడపడుచును మనిషిగా ఒప్పుకోలేదు. ఆకుపచ్చ వెలుతురు వచ్చే ఆ గాజు పలక మీద కుడిచేతి వేళ్ళు పెట్టమంటే పెట్టింది. ఎడమచేతివి పెట్టమంటే పెట్టింది. బొటనవేళ్ళు రెండూ కలిపి నొక్కమంటే ఊపిరి బిగబట్టి మరీ నొక్కింది. ప్రతిసారీ తెర మీద తెల్లటి మచ్చలే పడ్డాయి. కౌంటరు వెనకున్న అమ్మాయి పలక తుడిచింది, తడిగుడ్డ ఇచ్చింది, తర్వాత పొడిగుడ్డ ఇచ్చింది, చివరికి పక్క కౌంటరుకి తీసుకెళ్ళింది. అక్కడి యంత్రానిదీ అదే మాట.

"మీకు వేలిముద్రలు లేవండి," అంది ఆ అమ్మాయి, తనే ఏదో తప్పు చేసినట్టు మొహం పెట్టి.

"లేకపోవడమేంటి? మీ మిషనే పాడయ్యుంటుంది," అన్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

ఆ అమ్మాయి తన చూపుడువేలు పలక మీద ఆనించింది. తెర మీద గీతలు ఎంత స్పష్టంగా, ఎన్ని వంపులు తిరిగి పడ్డాయో! నేను నోరు మూసుకున్నాను.

మా ఆడపడుచు అసలు పేరు పాస్‌పోర్టులో ఉంది గాని, ఇంట్లో అందరికీ పిడుగే. మనిషి పిడికెడంత ఉంటుంది, మాట మాత్రం ఎక్కడ పడుతుందో చెప్పలేం. అలాంటిది ఆ రోజు తన చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, ఇవెవరివి అన్నట్టు చూస్తూ కూర్చుంది.

కౌంటరు అమ్మాయి నియమం చెప్పింది. ఇంకొక్కసారి రావచ్చు. అప్పుడూ ముద్రలు పడకపోతే దరఖాస్తు మూసేస్తారు. పిడుగుకి సీటిచ్చిన విదేశీ యూనివర్సిటీ వాళ్ళు దాన్ని దాచిపెట్టరు. "ఈలోగా వేళ్ళకి కాస్త విశ్రాంతి ఇవ్వండి," అని కూడా అంది పాపం. బస్సులో వస్తున్నంతసేపూ ఆ మాటే నా బుర్రలో తిరిగింది. కాళ్ళకి విశ్రాంతి విన్నాను, కళ్ళకి విన్నాను. వేళ్ళకి విశ్రాంతి ఇవ్వమనడం ఎప్పుడూ వినలేదు.

తప్పెక్కడ జరిగిందో మాత్రం ఇల్లు చేరకముందే అర్థమైపోయింది.

మా మామగారిది అద్దాల పని. మొహం చూసుకునే అద్దాలు కావు, టెలిస్కోపుల్లో పెట్టేవి. మందపాటి గాజు బిళ్ళని ముందు గరుకు పొడితో, తర్వాత మెత్తటి పొడితో, ఆ తర్వాత తారు పూసిన పలక మీద ఎర్రపొడితో నెలల తరబడి రుద్దుతారు. పొడి మార్చినప్పుడల్లా గాజుని కడిగి వేళ్ళతో తడిమి చూస్తారు. పాత పొడి రేణువు ఒక్కటి మిగిలిపోయినా పనంతా మట్టిపాలు. ఆఖరి మెరుగుకి పలక కూడా పనికిరాదు, ఒట్టి బొటనవేలితోనే పెట్టాలి. చేతికి తొడుగు వేసుకుంటే గాజు మాట్లాడదని మా మామగారి సిద్ధాంతం. పిడుగు బడికి వెళ్ళే రోజుల నుంచీ ఆ గాజుతో మాట్లాడుతూనే ఉంది.

ఇది చాలదన్నట్టు ఆ ఇంట్లో ఇంకో అలవాటుంది. ఎర్రపొడి గోళ్ళ సందుల్లోకి దిగిపోయి సబ్బుకి లొంగదు. అందుకని పెళ్ళికి వెళ్ళాలన్నా, ఫొటో దిగాలన్నా, గాజు రుద్దే మెత్తటి పొడితోనే చేతులు కూడా రుద్దుకుని ఎరుపు వదిలించుకుంటారు. వీసా ఆఫీసుకి వెళ్ళే ముందు మామగారే దగ్గరుండి ఆ పొడి తడిపి ఇచ్చారు. "ఆఫీసరు ముందు చెయ్యి చాపితే తళతళలాడాలి," అన్నారు. తళతళలాడింది. పాపం మిగిలి ఉన్న నాలుగు గీతలూ ఆ పొడితోపాటే కాలవలో కలిశాయి.

విషయం విని మామగారు చేస్తున్న పని ఆపేశారు. తర్వాత తన చేతులు రెండూ కిటికీ వెలుతురులోకి చాపి చూసుకున్నారు. ఆ చేతులు ఈ మధ్య వణుకుతున్నాయి. వేళ్ళ కొసలు గులకరాళ్ళలా నున్నగా ఉన్నాయి.

"నాకూ లేవు. నన్నెవరూ అడగలేదు గనక బతికిపోయాను," అన్నారు.

ఎవరి మీద కోప్పడాలో నాకు తెలియలేదు. సముద్రాల అవతల ఆ యూనివర్సిటీలో ఇల్లంత అద్దాలు చేయడం నేర్పుతారు. ఇల్లంత అంటే మాటవరసకి కాదు, నిజంగానే కాపురం పెట్టేంత. అంత గాజు తన బరువుకి తనే వంగిపోకుండా ఎలా నిలబెడతారో తెలుసుకోవాలని పిడుగు ఆరాటం. మామగారికి తెలిసిందంతా ఎప్పుడో నేర్చేసుకుంది. ఇక నేర్పడానికి తన దగ్గర ఏమీ లేదని ఆయనే అందరికీ చెప్పుకుని మురిసిపోయేవారు. అలా నేర్చుకోవడానికి అరగదీసుకున్న వేళ్ళే ఇప్పుడు గడప దాటనివ్వడం లేదు.

చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ పిడుగు వేళ్ళు దీపం కింద పెట్టి, తిప్పి తిప్పి చూసింది.

"గీతలు పుట్టేది పైన కాదమ్మా, అడుగున," అంది. "పైచర్మం ఎంత అరిగినా కింద అచ్చు అలాగే ఉంటుంది. మీరు అరగదీయడం మానేస్తే అదే మెల్లిగా పైకి తెస్తుంది."

"వేరే గీతలు వస్తాయా?" అని అడిగాను.

"అవే వస్తాయి. తల్లి కడుపులో ఉన్నప్పుడు పడ్డవే. ఒక్క వంపు కూడా మారదు."

అన్నేళ్ళు రుద్ది, కడిగి, తుడిచేసినా, అడుగున ఎక్కడో ఒక అచ్చు మాట్లాడకుండా కూర్చుని ఉంటుందట. నా వేళ్ళ వంక చూసుకున్నాను. నాకు మొదటినుంచీ ఉన్నవే గనక ఎప్పుడూ చూసుకోలేదు.

ఆ రోజునుంచి పిడుగు పని బంద్. రెండు చేతులకీ నూనె రాసి మెత్తటి తొడుగులు తొడిగాం. ఆ ఇంట్లో తొడుగులు అడుగుపెట్టడం అదే మొదలు. గిన్నె తోమకూడదు, బట్ట ఉతకకూడదు, ఇసుక తగలకూడదు. అన్నీ చేతికందించాలి. కూర్చుని తినే ఆడపడుచు లేదని నాకున్న కొరత ఆ విధంగా తీరింది. తనేమో ఆ తొడుగులు చూసుకుంటూ, "పిల్లి పంజాల్లా ఉన్నాయి వదినా," అని మూలిగేది.

అంతా బాగానే ఉంది గాని, పని గదిలో ఒక అద్దం సగంలో ఆగిపోయింది. ఒక కాలేజీ వాళ్ళకి ఇస్తామన్నది. పళ్ళెమంత వెడల్పుంటుంది. దాన్ని మొదట్నుంచీ పిడుగే చేసింది, ఆఖరి మెరుగు ఒక్కటే మిగిలింది. మామగారి చెయ్యి వణుకుతోంది. మా ఆయన మంచివాడే గాని చెయ్యి బరువు. ఆయన తలుపు వేస్తే కిటికీలు అదురుతాయి. మామగారి చూపు ఇంటినంతా చుట్టి నా దగ్గర ఆగింది.

"అమ్మా, నువ్వు అద్దాలు చుడుతున్నప్పుడు చూశాను. నీ చెయ్యి తేలిక," అన్నారు.

నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ నా పని గడప ఇవతలే. తయారైన అద్దాల్ని దూదిలో చుట్టి పెట్టెల్లో సర్దడం. నా బట్టల నిండా దూది పోగులుంటాయని నన్ను పని గదిలోకి రానిచ్చేవారు కాదు. దాని గురించి మా ఆయనతో ఎన్నిసార్లు దెబ్బలాడానో లెక్కలేదు. ఇప్పుడు రమ్మంటే కాళ్ళు ముందుకి పడలేదు.

చేతులు కడుక్కుని, తలకి గుడ్డ కట్టుకుని లోపలికి వెళ్ళాను. మామగారు తెరలు వేశారు. పగలే గది చీకటైపోయింది. ఒక చివర గోడకి ఆనించి అద్దం, ఇంకో చివర సన్నటి బెజ్జం ఉన్న దీపం, దాని పక్కన నిలబెట్టిన బ్లేడు. అద్దం వెనక్కి పంపిన వెలుగుని ఆ బ్లేడు అంచుతో అడ్డుకుంటూ చూడాలి. బల్ల మీద గడ్డం ఆనించి ఒక కన్ను మూశాను.

అద్దమంతా వెన్నెల పడ్డ నేలలా బూడిదరంగులో వెలుగుతోంది. ఆ నేల మీద గట్లు, పల్లాలు. నడిమధ్య ఒక దిబ్బ, దాని నీడ. బయట వెలుతురులో చూస్తే ఎంతో నున్నగా ఉండే గాజు అది!

"ఆ దిబ్బ ఎంత ఎత్తో తెలుసా?" అన్నారు మామగారు వెనక నుంచి. "నీ తలవెంట్రుకని నిలువునా వెయ్యి పోగులుగా చీలిస్తే, అందులో ఒక పోగంత. అది తియ్యాలి."

"దేంతో?"

"నీ బొటనవేలితో."

వేళాకోళమాడుతున్నారనుకున్నాను. ఆయన ఎర్రపొడి కలిపిన నీటి గిన్నె నా ముందు పెట్టారు. పిడుగు గుమ్మంలో కుర్చీ వేసుకుని, పిల్లి పంజాలు ఒళ్ళో పెట్టుకుని మాట సాయం మొదలుపెట్టింది.

"నొక్కకు వదినా. వేలి బరువు వేలికే ఉండనీ. సున్నా చుట్టు. ఇంకా చిన్న సున్నా. పసిపిల్ల బుగ్గ అనుకో."

కాసేపు రుద్ది ఆగాను. వేలి వేడికి గాజు ఉబ్బుతుందట, ఆ వేడి మరిచిపోయేదాకా ఆగి చూడాలట. ఆగాం. అప్పుడు మళ్ళీ కన్ను పెట్టాను. దిబ్బ నీడ పల్చబడింది! నేను రుద్దిన చోటే, నా వేలి కిందే, ఆ నేల దిగింది. నా జన్మలో నేను ఎన్నో పనులు చేశాను. ఇలాంటిది చేస్తానని మాత్రం అనుకోలేదు. ఆ పూట అన్నం కూడా సహించలేదు, ఎప్పుడు మళ్ళీ ఆ గదిలోకి వెళ్తానా అనే ధ్యాసే.

ఆ ధ్యాసే కొంప ముంచింది. ఒకరోజు మామగారు మందులకి బయటికి వెళ్ళినప్పుడు, పిడుగు కునుకు తీస్తున్నప్పుడు, ఇంకొంచెమేగా అని ఒక్కదాన్నే వెళ్ళి రుద్దాను. ఆపాల్సిన చోట ఆపలేదు. మామగారు వచ్చి చూసి బల్ల పట్టుకుని నిలబడిపోయారు. దిబ్బ ఉన్న చోట గుంట పడింది.

"తగ్గించొచ్చు గాని పెంచలేం," అన్నారాయన నీరసంగా. "గాజుని తిరిగి పెట్టలేం కదమ్మా."

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పిడుగు లేచి వచ్చి బ్లేడు దగ్గర కన్ను పెట్టింది. చాలాసేపు చూసింది. చూస్తూ చూస్తూనే ఎడమచేతి తొడుగు కొస పళ్ళతో పట్టుకుని లాగడం మొదలుపెట్టింది. తనకి తెలియకుండానే లాగుతోందని నేను ప్రమాణం చేసి చెప్పగలను.

"తియ్యకు," అన్నారు మామగారు.

"నాన్నా, నేనైతే ఇది సరిచేస్తాను. ఒక్క వారం చాలు."

"ఆ వారంలో నీ గీతలు మళ్ళీ పోతాయి."

"కాలేజీ వాళ్ళకి మాటిచ్చాం కదా. పాడైన అద్దం వదిలేసి ఎలా వెళ్ళను?"

"పోనీ అద్దం!" అన్నారు మామగారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. గాజు మీద ఈగ వాలితే విలవిల్లాడే మనిషి, పెళ్ళికి వెళ్ళినా అద్దం ఏమైపోతోందో అని మధ్యలో లేచి వచ్చే మనిషి, అద్దం పోనీ అన్నారు. పిడుగు తొడుగు వదిలేసింది. ఆయన కూతురిని ఎంత ప్రేమిస్తారో నాకు ఆ ఒక్క మాటతో తెలిసింది, ఏడుపు ఆగలేదు.

కాసేపటికి పిడుగే అంది. "గుంట పూడ్చలేం వదినా. దాని చుట్టూ ఉన్న నేలంతా గుంట అడుగుదాకా దించాలి. అంతే. నువ్వు దించుతావు, నేను చెప్తాను."

అద్దం మొత్తాన్నా? బొటనవేలితోనా? నా తల ప్రాణం తోకకి వచ్చింది. కాని గుంట తవ్వింది నేనే కదా, ఇంకెవరిని తిట్టుకోను. వంట మా ఆయన నెత్తిన పడింది. ఉప్పు ఎక్కువైనా ఎవరూ మాట్లాడలేదు. రోజంతా నేను గాజు ముందు, పిడుగు గుమ్మంలో, మామగారు బ్లేడు దగ్గర. ముగ్గురం కలిసి ఒక్క మనిషి. కన్ను ఆయనది, బుద్ధి పిడుగుది, వేలు నాది. వేలు మండేది. వాచేది. తర్వాత మండటం మానేసింది. గాజు మాట్లాడుతుందని మామగారు అనేది ఏమిటో అప్పుడు తెలిసింది. దిబ్బ మీదికి వెళ్ళినప్పుడు వేలు రవ్వంత పట్టేస్తుంది, పల్లంలో జారుతుంది. మాటలే అవి, వినగా వినగా తెలుస్తాయి.

ఒక ఉదయం నూనె మార్చడానికి పిడుగు తొడుగులు తీశాను. వేళ్ళ మీద వెలుతురు అడ్డంగా పడింది. ఏదో కనపడినట్టనిపించి, మామగారి భూతద్దం తెచ్చి పట్టాను. ఉన్నాయి! ముందు చిటికెనవేలి అంచున, నీటి మీద గాలి పోయినట్టు సన్నటి గీతలు. ఉంగరంవేలి మీద సగం సుడి. చూపుడువేలి మీద ఒక వంపు మొదలై మధ్యలో ఆగి ఉంది, ఇంకా రావాల్సింది ఉందన్నట్టు.

"నాన్నా!" అని పిడుగు కేకేసింది. మామగారు వచ్చి భూతద్దం పుచ్చుకున్నారు. చెయ్యి వణుకుతుంటే నేను పట్టుకున్నాను. జీవితమంతా గాజు మీద గీతల్లేకుండా చేసిన మనిషి, కూతురి వేలి మీద గీతల్ని ఒక్కొక్కటే చూస్తూ ఉండిపోయారు.

"ఎవరు గీస్తున్నారమ్మా వీటిని?" అన్నారు. ఆయన అడిగింది నన్ను కాదనుకుంటాను. మా ముగ్గురికీ ఊపిరి మెల్లిగా తీసుకోవాలనిపించింది, గట్టిగా తీస్తే ఆ గీతలు ఎక్కడ చెదిరిపోతాయో అని.

అద్దం నేల చదునైన మర్నాడే వీసా ఆఫీసు పిలుపు రోజు. ఈసారి ఎవరూ ఏ పొడీ తడిపి ఇవ్వలేదు. అదే కౌంటరు, అదే అమ్మాయి. పిడుగు పలక మీద వేళ్ళు పెట్టింది. నేను కళ్ళు మూసుకున్నాను. "ఆ, పడ్డాయి," అన్న మాట విని తెరిచాను. తెర నిండా సుళ్ళు, గట్లు, వంపులు. ఇంత చిన్న మనిషి వేళ్ళలో ఇంత దేశం ఉందా అనిపించింది. బొటనవేలు కొంచెం పల్చగా వచ్చింది గాని వచ్చింది.

తర్వాత ఆఫీసరు కిటికీ. ఆయన అద్దం వెనక మైకులో మాట్లాడతారు గనక, ఎవరి గుట్టైనా హాలంతా వినిపిస్తుంది. నేను వెనక కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాను. ఏం చదువుతారు, ఎందుకక్కడే అని అడిగారు. పిడుగు తడుముకోకుండా చెప్పింది. ఆయన తెర వంక చూసి తలెత్తారు.

"మొదటిసారి మీకు ముద్రలు లేవు. ఇప్పుడున్నాయి. అక్కడికి వెళ్ళాక మళ్ళీ ఇదే పని చేస్తారు కదా?"

"అవునండి."

"మళ్ళీ అరిగిపోతాయి కదా?"

కాదని చెప్పవే తల్లీ అని నేను లోపల్లోపల మొత్తుకున్నాను.

"అరిగిపోతాయండి," అంది.

"మరి చదువయ్యాక తిరిగి వచ్చినప్పుడు, మీరు మీరేనని ఎలా తెలుస్తుంది?"

హాల్లో అందరూ మా వైపే చూస్తున్నారు. పిడుగు ఆలోచించింది. ఆయన్ని ఆటపట్టించడానికి కాదు, నిజంగానే ఆలోచించింది.

"నన్ను తీసుకెళ్ళడానికి మావాళ్ళు వస్తారండి. వాళ్ళకి తెలుస్తుంది," అంది.

ఆఫీసరు పాస్‌పోర్టు మూశారు. వెనక్కి ఇస్తే వీసా లేనట్టు, ఉంచుకుంటే ఉన్నట్టు అని అక్కడ కూర్చున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. ఆయన దాన్ని తన పక్కనున్న బుట్టలో వేసుకున్నారు.

"బాగా చదువుకోండి," అన్నారు.

బయటికి వచ్చేదాకా ఇద్దరం నడిచామో పరుగెత్తామో తెలియదు. గేటు దగ్గర నా ఫోన్ తిరిగి ఇచ్చారు. గాజు పనిలో పడ్డాక దాన్ని తెరిచి ఎన్నాళ్ళైందో. ఇంటికి చెప్పాలని బొటనవేలు ఆనించాను. తెరుచుకోలేదు. వేలు తుడుచుకుని మళ్ళీ పెట్టాను. గుర్తుపట్టలేకపోతున్నానంది ఫోను. చెంగుతో ఫోనే తుడిచి పెట్టాను. ఊహూఁ.

"ఈ దిక్కుమాలిన ఫోన్‌కి ఇప్పుడే రోగం రావాలా!" అన్నాను.

పిడుగు నా చెయ్యి పట్టుకుంది. బొటనవేలిని ఎండలోకి తిప్పింది. నేనూ చూశాను. నున్నగా ఉంది. ఎర్రటి చారికలు తప్ప అందులో ఏమీ లేదు. పిడుగు ఆ వేలిని తన రెండు చేతుల్లో పెట్టుకుని వలవలా ఏడ్చేసింది, నడివీధిలో. నాకైతే ఏడుపు రాలేదు. ఏదో గుడిలో నిలబడ్డట్టు ఒళ్ళంతా నిశ్శబ్దమైపోయింది.

అంకెలు నొక్కి ఫోన్ తెరిచాను. ఒక్కసారి మోగగానే మామగారు ఎత్తారు.

"వీసా ఇచ్చారు మామయ్యగారూ," అన్నాను.

ఆయన ఊపిరి వినపడింది.

"ఇంకో సంగతి. నా వేలు పోయిందండి. ఫోన్ నన్ను గుర్తుపట్టట్లేదు."

"ఏ వేలు?"

"బొటనవేలు."

"మనకందరికీ అదే ముందు పోతుందమ్మా."